పెరటి తోట: చెర్రీ కాయని చోట వాక్కాయ



మా పొరుగింటి కోడలు, తన బిడ్డ కేకుపై నుండు చెర్రీపండ్లను మిక్కిలి యిష్టపడుటచే, అయిదేండ్ల క్రిందట నొక చెర్రీ మొక్కను కొనితెచ్చి పెరటిలో నాటినది. నీరు పోసి, యెరువు వేసి, పసిబిడ్డవలె సాకినది. చెట్టు పెరిగినదే కాని పూత లేదు. ‘నీ హస్తవాసి యిట్టిది’ యని అత్తగారు పలుమాఱు దెప్పుటయు, ఆమె కన్నీరు నించుటయు మేము చూచితిమి.

దోషము ఆ చేతిది కాదు. చెర్రీ శీతల ప్రదేశపు వృక్షము. మన దేశమున కాశ్మీరమునందును, హిమాచల ప్రదేశపు కొండలయందును పండును. శీతకాలమున నిద్రించిన మొగ్గ మేల్కొనుటకు, పెక్కు రకములకు సుమారు 7 డిగ్రీల సెంటీగ్రేడునకు లోబడిన చలి 800 మొదలు 1,200 గంటల వఱకు కావలయును. సికిందరాబాదున పుష్యమాసపు రాత్రులందు సైతము అంతటి చలి అరుదు. ఎంత యెరువు వేసినను అది చలికి బదులు కానేరదు.

మఱి బిడ్డ కోరిక యేమి కావలెను? బేకరీలలో కేకులపై నెఱ్ఱగా మెఱయు ‘చెర్రీ’ పెక్కు తావుల మన వాక్కాయయే! గింజ తీసి, పంచదార పాకమున నూరబెట్టి, రంగు వేసి యమ్ముదురు. దీనినే కొందఱు కలివికాయ యందురు. ఇది మన యెఱ్ఱనేలలయందును, రాతినేలలయందును చక్కగా పెరుగును.

నిలువయుంచిన కొలది దీని గింజకు మొలకశక్తి తగ్గును గాన, పండునుండి తీసిన వెంటనే విత్తవలెను. ఏడాది మొక్కను తొలకరి వానలకు, మూరెడు లోతు, మూరెడు వెడల్పు గల గోతిలో, మాగిన పశువుల యెరువు కలిపిన మట్టితో నాటవలెను. నాలుగడుగుల కొకటి చొప్పున వరుసగా నాటినచో కంచెయు నగును. నీరు నిలిచిన వేరు చెడును. మొదటి రెండు వేసవులు నీరు పోసిన చాలును. పిమ్మట ఎండకు వెఱవదు. ఇంచుమించు మూడవయేట కాపు మొదలగును. కాయలు కోసిన పిదప ఎండుకొమ్మలను కత్తిరింపవలెను. ముండ్లు మిక్కిలి వాడియైనవి. పిల్లలు తిరుగు త్రోవప్రక్కన నాటరాదు.

పచ్చికాయ పప్పునకును పచ్చడికిని, దోరకాయ జెల్లీకిని, పండు పిల్లలకును పనికివచ్చును.

ఈ సంగతి విన్న యత్తగారు మాఱుపలుకలేదు. తొలకరి రాగానే తామే గోయి త్రవ్వించి, కోడలి చేతనే మొక్కను నాటించిరి. మీ యింటను చెట్టు కాయనిచో, చేతిని నిందింపక ముందు నేలను, ఋతువును విచారింపుడు.