నర్సుల శిక్షణ: పాఠశాల, ఆసుపత్రి చేయి కలపాలి

ఆసుపత్రిలో రోగి మంచం దగ్గర ఎక్కువసేపు ఉండేది డాక్టరు కాదు, నర్సు. డాక్టరుగారు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి వెళ్తారు. సెలైను అయిపోయిందా, జ్వరం పెరిగిందా, కాన్పయిన తల్లికి రక్తం ఎక్కువ పోతోందా అని కనిపెట్టుకొని ఉండేది నర్సమ్మే. ఆ పని పుస్తకం చదివితే రాదు. వార్డులో, అనుభవం గల సిస్టరు పక్కన నిలబడి నేర్చుకోవలసిందే.

మన చిత్తూరు జిల్లా పల్లెల నుంచి ఎందరో ఆడపిల్లలు ఈ చదువుకు వెళ్తున్నారు. జనరల్ నర్సింగ్ మూడేళ్లు, బి.యస్సి. నర్సింగ్ నాలుగేళ్లు. వేరుశనగ అమ్మి కొందరు, పాల డబ్బు కూడబెట్టి కొందరు, అప్పు చేసి కొందరు ఫీజులు కడుతున్నారు. మరి ఆ పిల్లలకు పని చక్కగా వస్తోందా అని అడిగేవారే తక్కువ.

పాఠశాల ఒకరిది, ఆసుపత్రి మరొకరిది అయినచోట చిక్కు మొదలవుతుంది. ఉపాధ్యాయిని పిల్లలను వార్డు గుమ్మం దాకా తెచ్చి వదిలి వెళ్తే, వాళ్లు ఏ పాఠం దాకా వచ్చారో వార్డు సిస్టరుకు తెలియదు. రోగులతో సతమతమయ్యే ఆమెకు నేర్పే తీరికా ఉండదు. ఇక పిల్లలకు దక్కేవి దుప్పట్లు మార్చడం, రక్తం సీసాలు ల్యాబుకు మోయడం. రికార్డు పుస్తకం మాత్రం నిండుతుంది, చేతికి పని అబ్బదు.

ఆసుపత్రుల వాదననూ కొట్టివేయలేము. ఒకే వార్డుకు గుంపుగా పంపితే రోగికి ఇబ్బంది. పొరపాటు జరిగితే జవాబు చెప్పవలసింది వార్డు సిస్టరే. మార్కులు వేసేటప్పుడు మాత్రం ఆమెను సంప్రదించే ఆనవాయితీ లేనప్పుడు, ఆమెకు ఆసక్తి ఎందుకుంటుంది?

దీనికి మార్గం కొత్తగా కనిపెట్టనక్కరలేదు. 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నైటింగేల్ పేరిట నర్సుల పాఠశాల పెట్టినప్పుడు ఆసుపత్రి మేట్రనే పాఠశాలకూ పెద్దగా ఉన్నారు. అంత దూరమెందుకు, మన జిల్లావాసులు జబ్బు చేస్తే పరుగెత్తే రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలనే చూడండి. అక్కడ 1946లోనే నర్సింగులో డిగ్రీ చదువు మొదలైంది. పాఠం చెప్పే వారే వార్డుల్లో నర్సింగు బాధ్యత కూడా మోస్తారు. తరగతిలో చెప్పింది ఒకటి, వార్డులో చేసేది మరొకటి అనే తేడాకు అక్కడ చోటు తక్కువ.

నిబంధనలూ ఉన్నాయి. బి.యస్సి. నర్సింగ్ కళాశాలకు 100 పడకల మాతృ ఆసుపత్రి ఉండాలనీ, ఒక్కో విద్యార్థినికి ముగ్గురు రోగులు చొప్పున ఉండాలనీ ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిర్ణయించింది. అయితే కాగితం మీద పడకలు లెక్క చూపడం వేరు, ఆ పడకల దగ్గర పని నేర్పడం వేరు.

కాబట్టి చేయవలసినవి ఇవి. ప్రతి వార్డులో పిల్లలు ఉన్నంతసేపూ ఒక ఉపాధ్యాయిని ఉండాలి. వార్డు సిస్టర్లకు నేర్పే బాధ్యత అప్పగిస్తే, అందుకు తగిన సమయమూ, భత్యమూ ఇవ్వాలి. మార్కుల్లో వారి మాటకు విలువ ఉండాలి. నెలకొకసారి మేట్రనూ, ప్రిన్సిపాలూ కలిసి కూర్చొని ఎవరికి ఏ పని వచ్చిందో, ఏది రాలేదో చూసుకోవాలి. సిబ్బంది ఖాళీలు పూడ్చడానికి విద్యార్థినులను వాడుకోరాదు. వైద్యశాఖ అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు రిజిస్టర్లు చూసి సరిపెట్టక, వార్డులోకి వెళ్లి పిల్లలతో పని చేయించి చూడాలి.

తల్లిదండ్రులకూ ఒక మనవి. బిడ్డను చేర్చేముందు భవనాన్నీ, బస్సునూ చూసి మురిసిపోకండి. గుర్తింపు ఉందా, ఏ ఆసుపత్రిలో నేర్పుతారు, అక్కడ రోగులు వస్తారా, వార్డులో పక్కన ఎవరుంటారు అని నిలదీసి అడగండి. వీలైతే ఆ ఆసుపత్రికి వెళ్లి చూసి రండి. ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూసి, నడిపించి చూసే మనం బిడ్డ చదువు విషయంలో మొగమాటపడడం దేనికి?

నేడు రికార్డు నింపి బయటపడిన పిల్లే రేపు మన ఊరి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఉంటుంది. ఆ రాత్రి అక్కడికి చేరేది మన ఇంటి కోడలో, మన తల్లో కావచ్చు.