చేతిలో ఇమిడే రేడియో

క్రిందటి నెల మా ఇంటికి కొత్త రేడియో వచ్చింది. వచ్చింది అనడమే గాని, మేమే డబ్బిచ్చి తెప్పించుకొన్నాము. చొక్కా జేబులో పట్టేటంత ఉన్నది. ముందు అంకెలు కనిపించే అద్దం, పక్కన త్రిప్పే చక్రం, పైన లాగితే పొడవయ్యే ఏరియలు. మీట ఒకటి నొక్కి పట్టుకొంటే స్టేషన్లన్నీ ఈ కొస నుండి ఆ కొస దాకా తానే వెదకి, దొరికినవాటిని వరుసగా జ్ఞాపకం పెట్టుకొంటుంది. దీనిని స్కానింగు అంటారు.

ఫోనులో సమస్తమూ వినవచ్చు గదా, ఇదెందుకని మావాళ్లు అడిగారు. వారికి 2013 అక్టోబరు 12 రాత్రిని గుర్తు చేశాము. ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటిన రాత్రి. మా బరంపురం ఇంట కరెంటు పోయింది, కాసేపటికి ఫోనులూ మూగపోయాయి. అటక మీది ట్రాన్సిస్టరు దించి చూస్తే సెల్లులు కారిపోయి, లోపలి తీగలు చిలుము పట్టి ఉన్నాయి. గాలి కొంచెం తగ్గినప్పుడు తుపాను వెళ్లిపోయిందో, మధ్యలో ఊపిరి తీసికొంటున్నదో చెప్పేవారు లేరు. పక్కింటివారు పెంకులు చూచుకోవడానికి బయటకు రాబోతే, “ఆగండి నాయనా, గాలి దిక్కు మార్చుకొని మళ్లీ కొడుతుంది” అని మా తల్లిగారు కేకలు వేశారు. ఆ రాత్రి మాకు అందిన వార్త అదొక్కటే.

ఇక కొత్త పెట్టె సంగతి. మొదటి రాత్రి స్కానింగు మీట నొక్కితే మీడియం వేవు మీద మూడంటే మూడు స్టేషన్లు దొరికాయి. అవీ ముక్కు పట్టుకొని మాట్లాడినట్లున్నాయి. మోసపోయామనుకొన్నాము. మరునాడు మా మేనల్లుడు చూచి, “మామయ్యా, ఇది పదేసి కిలోహెర్ట్జులు గెంతుతున్నది” అన్నాడు. అమెరికా ఖండాలలో స్టేషన్లు 10 కిలోహెర్ట్జుల ఎడంతో ఉంటాయి. మన వైపు 1975లో జెనీవాలో కుదిరిన ఒప్పందం 1978 నుండి అమలైనది మొదలు ఎడం 9 మాత్రమే. విశాఖపట్టణం 927, కటకం 972, విజయవాడ 837, హైదరాబాదు 738. ఏ అంకెనైనా తొమ్మిదితో భాగించి చూడండి, శేషం ఉండదు. పదేసి గెంతే పెట్టె వీటిలో దేని మీదా సరిగా నిలవలేదు. మెట్టు తొమ్మిదికి మార్చిన రాత్రి పదకొండు దొరికాయి. ఇలాంటిది కొనేవారు మొట్టమొదట ఈ మెట్టు చూచుకోవాలి.

పదకొండులోనూ విశాఖ లేదు! కటకం ఉన్నది, బంగ్లా భాష ఏదో ఉన్నది. ఒకచోట ఎడతెగని వాన హోరు వంటిది వినిపించింది. అది డిజిటల్ ప్రసారం. మా పెట్టెకు ఆ విద్య రాదు. మాకు 250 కిలోమీటర్ల దూరంలోని విశాఖ ఏమైందని చేతితో చక్రం త్రిప్పి 927 మీద నిలిపాము. గరగర. పెట్టెను కిటికీ దగ్గర పెట్టి, నిదానంగా పక్కకు త్రిప్పాము. మీడియం వేవుకు చెవి పైకి లాగే కడ్డీ కాదు, లోపల అడ్డంగా పడుకొన్న నల్లని ఫెర్రైటు కడ్డీ. కనుక పెట్టెనే త్రిప్పాలి. గదిలోని ఎల్‌.ఇ.డి. దీపం ఆర్పేసరికి సగం రొద పోయింది. అప్పుడు, నూతిలోంచి వచ్చినట్లు, తెలుగు మాట!

యంత్రం బలమైన స్టేషన్లనే లెక్కపెట్టుకొంటుంది, బలహీనమైనవాటిని దాటిపోతుంది. మా వంటి ఊళ్లలో తెలుగు స్టేషను ఆ బలహీనమైనదే కావడం కద్దు. పగటిపూట పై ఆకాశంలోని ఒక పొర ఈ అలలను మింగివేస్తుంది. రాత్రి అది పలచబడితే, ఇంకా పైనున్న పొర వాటిని తిప్పి నేల మీదికి పంపుతుంది. కనుక వెదికేది ప్రొద్దుగూకిన తరువాతనే, అదీ చేతితో.

పోలీసుల వైర్‌లెస్ వినిపిస్తుందా అని మేనల్లుడు గుసగుసగా అడిగాడు. వినిపించదు. ఆ జాతి స్కానర్లు వేరు. వాటికి మన దేశంలో ప్రభుత్వ అనుమతి కావాలి. మామూలు రేడియోకే 1980ల దాకా పోస్టాఫీసులో లైసెన్సు కట్టిన తరం మాది. ఆ సరదా మాకు లేదు.

ఒక్క లోపం చెప్పాలి. దీనిలోది చార్జి చేసుకొనే బ్యాటరీ, బజారు సెల్లులు వేయడానికి వీలులేదు. కరెంటు రోజుల తరబడి రాకపోతే ఇదీ మూగదే. అందుచేత పాత ట్రాన్సిస్టరుకు చిలుము గీకించి బాగు చేయించాము. సెల్లులు మాత్రం విడిగా డబ్బాలో ఉంచాము.

మా తల్లిగారికి వినికిడి తగ్గింది. 1948లో విజయవాడ కేంద్రం వచ్చినప్పటికే ఆవిడకు ఊహ తెలుసు. ఆ రాత్రి పెట్టెను చెవి దగ్గర పెడితే కాసేపు విని, “విశాఖ ఇంకా ఉన్నదిరా?” అన్నారు. ఉన్నదన్నాము. ఇప్పుడు పెట్టె ఆవిడ మంచం పక్కనే ఉంటున్నది. మాకు కావలసివస్తే అడిగి తెచ్చుకొంటున్నాము.