ముందు తూకం, తర్వాతే ఇంజన్



మొన్న సెలవులకు ఆకివీడు వచ్చినప్పుడు మీలో కొందరు రేడియో కంట్రోల్ విమానం చేస్తామంటూ "అన్నా, ఎంత పెద్ద ఇంజన్ కొనాలి?" అని అడిగారు. పెద్దదే కావాలని ముందే అనేసుకున్నారన్నమాట! డిగ్రీలో మేమూ అలాగే అనుకున్నాం. పన్నెండు మందిమి స్కాలర్‌షిప్ డబ్బుల్లోంచి తలా వెయ్యి వేసుకున్నాం. అందుకే ఇది రాస్తున్నాను.

మేం ఎంచుకున్నది పుష్పక్. హెచ్‌ఏఎల్ వారి రెండు సీట్ల విమానం. 1958లో మొదటిసారి ఎగిరింది. ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఎందరో దాని మీదే నేర్చుకున్నారు. ఇంజన్ 90 హార్స్‌పవర్. రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 11 మీటర్లు, మనుషులతో కలిపి బరువు 610 కిలోల దాకా. దాన్ని ఆరో వంతుకు తగ్గించాం.

పొడవు ఆరో వంతైతే ఇంజన్ కూడా ఆరో వంతు, అంటే 15 హార్స్‌పవర్ అన్నాడు మాలో ఒకడు. (మన చేపల చెరువుల్లో ఏరేటర్ మోటారే 2 హెచ్‌పీ ఉంటుంది!) పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి గనుక బరువు 216వ వంతుకు, అంటే మూడు కిలోల లోపుకు వస్తుంది. చిన్న విమానం నెమ్మదిగా ఎగురుతుంది కాబట్టి శక్తి ఇంకా తక్కువ చాలు. లెక్క కడితే సుమారు 530వ వంతు. అంటే ఒక హార్స్‌పవర్‌లో ఆరో వంతు! చిన్న ప్రొపెల్లర్ అంత బాగా లాగదు, గడ్డిలోంచి లేవాలి, ఎదురుగాలి ఉంటుంది. అందుకని మూడు నాలుగు రెట్లు వేసుకున్నా 6.5 సీసీ టూ స్ట్రోక్ ఇంజన్ ధారాళంగా సరిపోతుంది. మేం 10 సీసీ కొన్నాం. ఉంటే మంచిదేగా అనుకున్నాం.

ముక్కు బరువెక్కింది. సరిచేయడానికి తోకలో సీసం పెట్టాం. మొత్తం బరువు ఇంకా పెరిగింది. బరువైన విమానం నెమ్మదిగా దిగలేదు. కోసిన వరిచేలో దించబోతే గట్టుకు కొట్టుకుంది. ముక్కు, ఒక రెక్క పోయాయి. ఇంజన్‌కు మాత్రం ఏమీ కాలేదు.

1903లో అమెరికాలో లాంగ్లీ అనే పేరున్న శాస్త్రవేత్త ప్రభుత్వమిచ్చిన 50,000 డాలర్లతో విమానం కట్టాడు. నాలుగో వంతు నమూనా ఆగస్టులో చక్కగా ఎగిరింది. దాన్నే నాలుగింతలు చేసి 52 హార్స్‌పవర్ ఇంజన్ పెడితే రెండుసార్లూ పోటోమాక్ నదిలో పడింది. ఇంజన్ గొప్పదే, చట్రమే తట్టుకోలేదంటారు. రెండోసారి పడిన తొమ్మిది రోజులకు సైకిల్ షాపు రైట్ సోదరులు 12 హార్స్‌పవర్‌తో ఎగిరారు. వాళ్లు 8 చాలని ముందు లెక్క కట్టుకుని, ఆ తర్వాతే ఇంజన్ చేయించుకున్నారు.

అయితే ఒక్క మినహాయింపు ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి పొట్టి ముక్కు విమానాలు చేస్తే ముందు వైపు ఎలాగూ సీసం పెట్టాల్సి వస్తుంది. అక్కడ సీసం బదులు బరువైన ఫోర్ స్ట్రోక్ ఇంజన్ పెట్టడమే తెలివి. అది నెమ్మదిగా తిరుగుతూ పెద్ద ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది, చప్పుడు కూడా అసలు విమానంలాగే ఉంటుంది.

ఇప్పుడు చాలామంది బ్యాటరీ మోటార్లే వాడుతున్నారు. అక్కడ సీసీలు ఉండవు, కిలోకు ఇన్ని వాట్లు అని చూస్తారు. పుష్పక్ లాంటి దానికి కిలోకు 150 వాట్లు చాలు.

కాబట్టి ముందు చట్రం కట్టండి. కిరాణా కొట్టు కాటాలో తూచి ఆ అంకె నాకు రాయండి. మా 10 సీసీ ఇంజన్ ఇప్పటికీ నా పెట్టెలోనే ఉంది. దానికి తగ్గ విమానం కడితే ఊరికే ఇచ్చేస్తాను.