పోలీసు కోసం కొన్న పాలసీ

2024 సెప్టెంబరు 1న బుడమేరు బెజవాడ మీద పడ్డాక మేం తిట్టనివాళ్ళు లేరు. గండ్లు పడ్డ కట్టల్ని తిట్టాం, వెలగలేరు రెగ్యులేటర్ గేట్లెత్తిన వాళ్ళని తిట్టాం, పాత ప్రభుత్వాన్నీ కొత్త ప్రభుత్వాన్నీ తిట్టాం. తిట్టదగ్గవాళ్ళు ఉన్నారు కూడా. కానీ ఆ ఏరు కొల్లేటికి పోయే దారిలో స్థలాలు కొన్నప్పుడు మేం అడిగిందేమిటి? గజం ఎంత, రిజిస్ట్రేషన్ అవుతుందా, లోను వస్తుందా. వానాకాలం నీళ్ళెటు పోతాయని ఒక్కరమూ అడగలేదు. 2005లో ఇదే ఏరు ఊరిని ముంచిందని తెలిసే సెల్లార్లు తవ్వించుకున్నాం.

సరే, వాన మా చేతిలో లేదు. పాలసీ ఉందిగా. బండికి థర్డ్ పార్టీ కట్టాం, ఎందుకంటే పోలీసు అడిగేది అదే. బండి మునిగితే అది పైసా ఇవ్వదు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళమైనా ఆగామా? నీళ్ళు దిగీ దిగకముందే తాళం తిప్పి చూశాం. ఇంజన్ నీళ్ళు లాక్కుంది, లోపల రాడ్డు వంగింది. ఇంజన్ ప్రొటెక్ట్ అదనంగా కట్టుకోనిదే ఆ ఖర్చు మామూలుగా మన నెత్తినే పడుతుంది.

ఇంటి సంగతి ఇంకా అన్యాయం. 2021 ఏప్రిల్ నుంచి భారత్ గృహ రక్ష పాలసీ ఉంది, వరద నష్టం అందులోకి వస్తుంది. మాలో చాలామంది ఆ పేరే వినలేదు. లోనుతోపాటు బ్యాంకు చేతిలో పెట్టిన పాలసీ గోడలకేనా, సామానుకు కూడానా అని చదివి చూసుకోలేదు. పెళ్ళి ఫొటోలకు బీరువాలు చాలవు, ఫ్రిజ్జు బిల్లు మాత్రం దొరకదు. సర్వేయర్ రాకముందే బురద పట్టిన పరుపులు, సోఫాలు వీధిలోకి ఈడ్చేశాం. ఆ కంపులో ఎవరు మాత్రం ఆగగలరు? రెండు ఫొటోలు తీసి ఈడ్చాల్సింది.

చెప్పుకోడానికి సిగ్గేసేది దుకాణాల సంగతి. పన్ను తగ్గుతుందని ఏడాది పొడుగునా తక్కువ రాసిన స్టాకునే వరదయ్యాక పెంచి చెప్పాం. సర్వేయర్ పుస్తకాలు తీయమనేసరికి మా లెక్కలే మా మీద సాక్ష్యం చెప్పాయి. కంపెనీలన్నీ దొంగలేనని టీకొట్టు దగ్గర తేల్చేశాం. అవి కోతలు పెట్టవని కాదు. అన్యాయం జరిగితే వినడానికి హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఫీజు కూడా లేదు. మునిగిన కింది అంతస్తుకు ప్రభుత్వం అప్పుడు ఇచ్చిన 25 వేల కోసం జాబితాల చుట్టూ తిరిగిన ఓపిక, ఆ ఒక్క ఫిర్యాదు రాయడానికి లేకపోయింది.

మొన్న మా అపార్ట్‌మెంట్ సంఘం కూర్చుంది. గేటుకు రంగు, లిఫ్టులో అద్దం వెంటనే ఖరారయ్యాయి. భవనమంతటికీ కలిపి పాలసీ తీసుకుందామని ఒకాయన కదిపితే, "ఇప్పుడెందుకండీ, కట్టలు బాగుచేశారుగా" అన్నాం. ఆయన అడిగినట్టు మినిట్స్ పుస్తకంలో రాయను కూడా లేదు.