ఆటల అంగడికి ఆశీలు ఎంత?

వారం వారం జరిగే సంతకు మీరెప్పుడైనా వెళ్లారా? వెళ్లి ఉంటే ఒక మనిషిని చూచే ఉంటారు. చేతిలో రసీదు పుస్తకం పట్టుకొని, సరుకు దించుకున్న ప్రతివారి దగ్గరికీ వెళ్లి డబ్బు వసూలు చేస్తుంటాడు. దానినే ఆశీలు అంటారు. నెత్తిన తట్ట పెట్టుకొని వచ్చిన ముసలమ్మకు ఒక రేటు, ఎడ్లబండికి ఒక రేటు, లారీకి ఇంకొక రేటు. ఆ వసూళ్ల దగ్గర జరిగే తగాదాల మాట అలా ఉంచండి. సరుకును బట్టి రుసుము అనే చిన్న న్యాయం మాత్రం అందులో ఉంది.

ఇప్పుడు మరొక సంతకు పోదాం. ఇది కంప్యూటర్ ఆటల సంత. దీనికి ఊరూ లేదు, వారమూ లేదు. గుంటూరులో కూర్చొని ఒకరు తయారుచేసిన ఆటను బ్రెజిల్‌లో ఉన్నవారు ఇంటర్నెట్ ద్వారా కొనుక్కొని ఆడుకోవచ్చు. ఇటువంటి దుకాణాల్లో చాలా పెద్దది స్టీమ్. అమెరికాకు చెందిన వాల్వ్ అనే సంస్థ దీనిని 2003లో ప్రారంభించింది. అక్కడ ఆటను అమ్మకానికి పెట్టాలంటే ముందుగా 100 డాలర్లు చెల్లించాలి. మన లెక్కలో దాదాపు తొమ్మిది వేల రూపాయలు. ఒక్కొక్క ఆటకు అంత. కోట్లు ఖర్చు పెట్టి వందలమందితో ఆట తయారుచేసే సంస్థకూ అంతే, పాలిటెక్నిక్ చదువు ముగించి ఇంట్లో ఒంటరిగా కూర్చొని తయారుచేసే అమ్మాయికీ అంతే. ఇక్కడ తట్టకూ లారీకీ ఒకటే ఆశీలు!

ఇది న్యాయమేనా? అసలు రుసుము ఎందుకు వసూలు చేయాలి? తొందరపడి జవాబు చెప్పకండి. దీని వెనుక ఒక చక్కని లెక్క ఉంది.

మొదట్లో స్టీమ్‌లో ఏ ఆటలు పెట్టాలో వాల్వ్ ఉద్యోగులే ఎంపిక చేసేవారు. వచ్చే ఆటలు పెరిగిపోయి, ఆ పని వారి చేయి దాటింది. అప్పుడు 2012 ఆగస్టులో గ్రీన్‌లైట్ అనే పద్ధతి పెట్టారు. తయారుచేసినవారు తమ ఆట వివరాలు ప్రదర్శిస్తే, ఆడేవారు ఓట్లు వేస్తారు. ఆలోచన బాగానే ఉంది గదా! కానీ తలుపు తీసిన కొద్ది రోజులకే వేళాకోళం దరఖాస్తులు, ఇతరుల ఆటలను తమవిగా చెప్పుకొనే దొంగ దరఖాస్తులు వచ్చిపడ్డాయి. దానితో ఆ సెప్టెంబరులోనే 100 డాలర్ల రుసుము విధించారు. ఆ డబ్బును వాల్వ్ తాను ఉంచుకోలేదు, ఆసుపత్రుల్లోని పిల్లలకు ఆటవస్తువులు సమకూర్చే ఒక ధర్మసంస్థకు ఇచ్చింది.

ఆ రుసుములో ఒక లోపం ఉంది. ఒకసారి కడితే చాలు, ఆ తర్వాత ఎన్ని ఆటలైనా పంపవచ్చు. కాగితం మీద లెక్క వేసి చూడండి. ఒక్క ఆట చేసినవారికి ఆటకు 100 డాలర్లు పడింది. వంద ఆటలు కుమ్మరించినవారికి ఆటకు ఒక్క డాలరే పడింది! ఎవరిని ఆపాలనుకున్నారో వారికే రాయితీ దొరికిందన్నమాట. 2017 జూన్‌లో గ్రీన్‌లైట్‌ను ఎత్తివేసి, ఆటకు ఇంత అని రుసుము పెట్టారు. వంద ఆటలకు 10,000 డాలర్లు. ఈ మార్పు సరైనదేనని నేనూ అంటాను. గూగుల్ వారి ప్లే స్టోర్‌లో ఒకేసారి 25 డాలర్లు, ఆపిల్ వారి దగ్గర ఏడాదికి 99 డాలర్లు కట్టాలి. అవి ఖాతాకు కట్టేవి, ఆటకు కావు. అక్కడ పాత లోపం అలాగే ఉంది.

కొత్త రుసుము ఎంత ఉండాలన్న దాని మీద 2017లో పెద్ద చర్చ జరిగింది. వంద డాలర్ల నుంచి ఐదు వేల డాలర్ల దాకా ఏదైనా కావచ్చునని వాల్వ్ ఫిబ్రవరిలో చెప్పింది. ఐదు వేల డాలర్లంటే నాలుగున్నర లక్షల రూపాయలు! చివరికి వందతోనే సరిపెట్టారు. అది మన అదృష్టమే.

రుసుము పెంచితే చెత్త తగ్గుతుందని వాదించేవారు ఒక్క సంగతి మరచిపోతారు. మోసగాడు చూచుకొనేది రుసుము ఎంత అని కాదు, రుసుము పోను తనకు ఎంత మిగులుతుందని. స్టీమ్‌లో ఆట ఆడేవారికి కొన్ని బొమ్మల కార్డులు లభిస్తాయి. వాటిని కొద్దిపాటి ధరకు ఇతరులకు అమ్ముకోవచ్చు. కొందరు ఏం చేశారంటే, ఆడడానికి పనికిరాని ఆటలు తయారుచేసి, వేలకొద్దీ దొంగ ఖాతాలకు వాటిని ఉచితంగా పంచి, ఆ ఖాతాలకు వచ్చిన కార్డులను అమ్ముకున్నారు. ఆట ఒక్కరూ కొనకపోయినా డబ్బు వచ్చింది! అటువంటివాడికి రుసుము శిక్ష కాదు, పెట్టుబడి. వాల్వ్ దీనికి మందు ఎక్కడ వేసిందో చూడండి. నిజమైన మనుషులు ఆ ఆటను ఆడుతున్నారని నమ్మకం కుదిరేదాకా కార్డులు రాకుండా 2017 మే నెలలో కట్టడి చేసింది. అదే ఏడు సెప్టెంబరులో, ఒకే సంస్థకు సంబంధించిన 170కి పైగా ఆటలను దుకాణం నుంచి తీసివేసింది. లాభం రాకుండా చేయడమూ, కళ్లు తెరచి చూడడమూ. ఈ రెండూ చేసిన పని రుసుము ఎన్ని రెట్లు పెంచినా జరిగేది కాదు.

ఇప్పుడు నాకు నిజంగా బాధ కలిగించే విషయానికి వస్తాను. స్టీమ్ ఆ 100 డాలర్లను తిరిగి ఇస్తుంది. కానీ ఎప్పుడు? ఆ ఆట మీద కనీసం 1,000 డాలర్ల అమ్మకం జరిగినప్పుడు. మన పాలిటెక్నిక్ అమ్మాయి ఆట ధర 200 రూపాయలనుకుందాం. 1,000 డాలర్లంటే సుమారు 90 వేల రూపాయలు గనుక, 450 ప్రతులు అమ్ముడుపోవాలి. ఒక్క 2024లోనే స్టీమ్‌లోకి 18 వేలకు పైగా కొత్త ఆటలు వచ్చాయి. ఆ గుంపులో పేరు లేని కొత్తవారి ఆటను 450 మంది కొనడం తేలిక కాదు. ఏ నలభై ప్రతులో అమ్ముడై ఆగిపోతే? 8,000 రూపాయల అమ్మకంలో దుకాణం తన వాటాగా 30 శాతం, అంటే 2,400 తీసుకుంటుంది. మిగిలింది 5,600. కట్టిన తొమ్మిది వేలు రానే రావు. బాగా అమ్ముకున్నవారికి వాపసు, అమ్ముకోలేనివారికి నష్టం. డబ్బు అవసరం లేనివారికే తిరిగి ఇస్తున్నారన్నమాట! ఆట అమ్ముడుపోకపోవడం మోసమా? పరీక్షలో మార్కులు తక్కువ వచ్చినవాడికి, కాపీ కొట్టినవాడికి ఒకే శిక్ష వేస్తే మీరు ఊరుకుంటారా?

“కంప్యూటర్ కొనగలిగినవారు తొమ్మిది వేలు కట్టలేరా?” అని మీలో ఎవరైనా అడగవచ్చు. కంప్యూటర్ కొంటే అది ఇంట్లో ఉంటుంది, మరో పది పనులకు వస్తుంది. పైగా చాలామంది కళాశాల కంప్యూటర్ మీదనో, అన్నయ్య పాత కంప్యూటర్ మీదనో పని నేర్చుకొనేవారే. ఆట తయారుచేసే ఉపకరణాలు ఈ రోజుల్లో ఉచితంగానే దొరుకుతున్నాయి. గోడో, బ్లెండర్ వంటివాటికి పైసా కట్టనక్కరలేదు. నేర్చుకొనే దారి అంతా తెరచి, చివర అంగడి గుమ్మం దగ్గర చేయి చాపడం నాకు విడ్డూరంగా తోస్తుంది.

ఇలాంటి గుమ్మం దగ్గర ఎవరు ఆగిపోతారో ముందుగా ఎవరికీ తెలియదు. స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయపు ఆట పేరు మీలో కొందరు విని ఉంటారు. ఎరిక్ బరోన్ అనే ఆయన బొమ్మలు, సంగీతం, ప్రోగ్రాము అన్నీ తానే చేసుకొని, నాలుగేళ్లకు పైగా కష్టపడి 2016లో దానిని విడుదల చేశాడు. ఆ కాలంలో సియాటిల్ నగరంలోని ఒక నాటకశాలలో ప్రేక్షకులకు సీట్లు చూపే చిన్న ఉద్యోగం చేసేవాడు. 2024 చివరికి ఆ ఆట నాలుగు కోట్ల ప్రతులకు పైగా అమ్ముడుపోయింది. ఆయన గ్రీన్‌లైట్ ద్వారానే వచ్చాడు, వంద డాలర్ల దగ్గర ఆగలేదు. నిజమే. అదే ఐదు వేల డాలర్లయితే? పోనీ, వంద డాలర్లే మన ఊళ్లో ఒకరి నెల జీతమంత అయితే? అష్టాచెమ్మానో వామనగుంటలనో తెలుగు మాటలతో కంప్యూటర్ ఆటగా మలచేవారు సియాటిల్ నుంచి రారు గదా.

అయితే గుమ్మం దగ్గర ఏ కాపలా ఉండకూడదా? ఉండాలి. చెత్త కుప్పలో మంచి ఆట కూడా కనబడకుండా పోతుంది. కాకపోతే కాపలాకు డబ్బే అక్కరలేదు. ఈ ఆలోచన కొత్తది కాదు. ఇ-మెయిల్‌లో పనికిరాని ఉత్తరాలు కుప్పలు పడడం మొదలవుతున్న కాలంలో, 1992లో, సింథియా డ్వోర్క్, మోనీ నావోర్ అనే శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం సూచించారు. ఉత్తరం పంపే ముందు పంపేవారి కంప్యూటర్ ఒక చిక్కు లెక్కను చేయాలి. ఒక్క ఉత్తరానికి అది కొన్ని క్షణాల పని, ఎవరికీ భారం కాదు. పది లక్షల ఉత్తరాలు పంపేవాడికి మాత్రం రోజులు పడుతుంది. రుసుము ఉంది, కానీ అది రూపాయల్లో లేదు, శ్రమలో ఉంది!

ఆటల దుకాణాల్లోనూ ఈ తరహా కాపలా అక్కడక్కడా కనిపిస్తుంది. గూగుల్ 2023 నవంబరు నుంచి కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచేవారికి ఒక నియమం పెట్టింది. 20 మందిచేత 14 రోజులపాటు పరీక్షింపజేశాకనే విడుదల చేయాలి. మరుసటి ఏడు ఆ సంఖ్యను 12కు తగ్గించింది. పన్నెండుమందిని కూడగట్టడం మీ తరగతిలో ఒక పూట పని. (కూలికి పరీక్షకులను తెచ్చుకొనేవారూ ఉంటారు. ఏ కంచె అయినా అంతే.) స్టీమ్ కూడా రుసుము కట్టిన తర్వాత 30 రోజులు ఆగాలంటుంది. బ్యాంకు, పన్నుల వివరాలు అడుగుతుంది. రాబోయే ఆట పుటను రెండు వారాలైనా అందరికీ చూపమంటుంది. ఇవన్నీ మోసగాడికి చిరాకు, నిజాయితీపరుడికి కొద్దిపాటి ఓపిక.

అందుచేత నా అభిప్రాయం ఇది. ఆటకు ఇంత అని ధరావతు తీసుకోండి. మొదటి ఆటకు దానిని దేశపు ఆదాయాన్ని బట్టి తగ్గించండి. ఒక ఏడాదిపాటు ఆట మీద మోసం రుజువు కాకపోతే, పది ప్రతులే అమ్ముడుపోయినా సరే, తిరిగి ఇచ్చేయండి. “తక్కువ రుసుము ఉన్న దేశం పేరు చెప్పి అందరూ అక్కడినుంచే కట్టరా?” అంటారేమో. బ్యాంకు వివరాలు ఎలాగూ తీసుకుంటున్నారు, ఏ దేశమో తెలియకుండా ఎలా పోతుంది? ఆట అమ్మేటప్పుడు స్టీమే మన దేశానికి రూపాయల్లో, చాలాసార్లు అమెరికా కంటే తక్కువ ధర సూచిస్తుంది. కొనేవాడి జేబు దేశాన్ని బట్టి మారుతుందని తెలిసినవారికి, తయారుచేసేవాడి జేబు సంగతి తెలియదా? ఆపిల్ కొన్ని దేశాల్లోని విద్యాసంస్థలకు, లాభాపేక్ష లేని సంస్థలకు తన రుసుమును మాఫీ చేస్తోంది. అంటే చేయదలిస్తే చేయవచ్చునన్నమాట.

ఇవన్నీ మారేదాకా మీ ఆటను అలమారులో పెట్టి ఉంచనక్కరలేదు. ఇచ్.ఐఓ అనే దుకాణం 2013 నుంచి ఉంది. అక్కడ ఆట పెట్టడానికి రుసుము లేదు. అమ్మకంలో దుకాణానికి ఎంత వాటా ఇవ్వాలో తయారుచేసినవారే నిర్ణయించుకోవచ్చు. ఏమీ చెప్పకపోతే పది శాతం. సున్నా అని వ్రాసినా ఊరుకుంటారు.