బొగ్గుసీమలో పశువైద్య విద్య

రామగుండమున 2022వ సంవత్సరమున ప్రభుత్వ వైద్యకళాశాల వెలసినది. సింగరేణి సంస్థ ధనమిచ్చినది. ఏటేట 150 మంది విద్యార్థులకు అచ్చట స్థానము కలిగినది. భూగర్భమున దిగి బొగ్గు త్రవ్వి రాష్ట్రమునకు వెలుగు పంచిన కార్మికుల బిడ్డలకు ఇంటిముంగిటనే వైద్యవిద్య లభించుట మిక్కిలి సంతోషింపదగిన విషయము. కాని గోదావరిఖని పరిసర గ్రామములలో, మట్టిగుట్టల నీడను మేయుచున్న బఱ్ఱెలకును గొఱ్ఱెలకును వచ్చు రోగములకు మూలమేమో, వాని నెదిరించు శరీరశక్తి యెట్టిదో, ఆ పసులను పెంచువారికి నాలుగు మాటలు బోధించు విషయమున మాత్రము ఎవ్వరును అంత ఉత్సాహము చూపినట్లు కానరాదు.

"పసుల సంగతి పశువైద్యుడు చూచుకొనును, మనకేల?" అని పట్టణవాసులు అనవచ్చును. ఉదయముననే వారి గడపకు వచ్చు పాలచెంబు ఆ పసుల పొదుగునుండియే వచ్చుచున్నది. ఈసుకుపోయిన బఱ్ఱెకు పురుడు పోసిన చేతికి బ్రూసెల్లా జ్వరము సోకును. కాచని పాలు త్రాగినవానికిని సోకును. దొమ్మరోగము గొఱ్ఱె తోలునుండి మనుష్యుని చర్మమునకు ప్రాకును. వెఱ్ఱికుక్క కాటును గూర్చి చెప్పనే యక్కఱలేదు. ప్రకృతి మన వైద్యమునకును పశువైద్యమునకును నడుమ గోడ కట్టలేదు, కట్టినవారము మనమే.

ఈ విద్య దేశమున లేక కాదు. రాష్ట్రవిభజన జరిగిన 2014వ సంవత్సరముననే పి.వి. నరసింహారావు పేర పశువైద్య విశ్వవిద్యాలయము ఏర్పడినది. రాజేంద్రనగరమునను, ఓరుగల్లు చెంత మామునూరునను, నేటి జగిత్యాల జిల్లాలోని కోరుట్లయందును దాని కళాశాలలు నడచుచున్నవి. ఏడాది శిక్షణతో గూడి అయిదున్నర సంవత్సరములు సాగు ఆ చదువున సూక్ష్మజీవిశాస్త్రమును, రోగనిరోధశాస్త్రమును బోధింతురు. అందు మాకు తగవు లేదు. ఆ జ్ఞానము కళాశాల ద్వారము దాటి, కాపువాని కొట్టము వఱకు, గొల్ల కురుమల మంద వఱకు నడచి రాకుండుటయే మా మనవి.

ఆ శాస్త్రమునుండి ఒక్క పాఠము ఎత్తుకొందము. మనుష్యస్త్రీ గర్భముననున్న శిశువునకు తన రోగరక్షణలో కొంత మాయద్వారా ముందే పంచి పెట్టును. ఆవు, బఱ్ఱె, గొఱ్ఱె, మేక అట్లు పంచలేవు. వాని మాయ నిర్మాణమే వేఱు. కావున దూడ పుట్టునప్పుడు కవచము లేని యోధునివలె పుట్టును. తల్లి దానికీయవలసిన రక్షణమంతయు ముఱ్ఱుపాలలోనే యున్నది. ఆ రక్షకద్రవ్యములను దూడ ప్రేవు చెక్కుచెదరకుండ గ్రహింపగల కాలము మిక్కిలి స్వల్పము. మొదటి కొన్ని గంటలలో ఆ ద్వారము విశాలముగా తెఱచియుండి, క్రమముగా సన్నగిల్లి, ఒక దినము గడచునప్పటికి మూసికొనిపోవును. తన బరువులో పదవవంతు ముఱ్ఱుపాలు తొలిదినమున, అందు సగము తొలి రెండు మూడు గంటలలో, దూడ కడుపున పడవలయును.

మన యిండ్లలో జరుగునదేమి? మాయ పడువఱకు దూడను పొదుగు ముట్టనీయరాదని పెద్దలు కట్టడి చేయుదురు. మాయ పడుటకు ఆఱు గంటలు పట్టవచ్చును, పది గంటలు పట్టవచ్చును. అంతవఱకు తెఱచియున్న ద్వారము ముందు దూడ ఆకలితో నఱచుచుండును. నిజమునకు దూడ చీకుటచేత తల్లి గర్భాశయము ముడుచుకొని మాయ త్వరగా పడుటకే సాయమగును. ఆపైన జున్ను. ఈనిన యింటినుండి ఇరుగుపొరుగులకు జున్నుపాలు పంచుట మన మర్యాదలలో నొకటి. బెల్లము, మిరియాలు వేసి కాచిన జున్ను నిషేధింపుడని మేము వ్రాసినచో మా యింటనే మాకు అన్నము పుట్టదు. దూడ త్రాగిన పిదప మిగిలినదానిని కాచుకొనుడని మాత్రమే మేము చెప్పునది. ముఖ్యముగా దున్నదూడ విషయమున మనవారి నిర్దయ మెండు: అది పాలీయదు గదా యని దాని వంతు మొదటనే కోసివేయుదురు. నెల తిరుగకముందే అది పారుడుపట్టి చచ్చినచో గ్రహచారమందురు. ఈ ఒక్క పాఠమునకు భవనము వలదు, యంత్రము వలదు. ఒక గంట కాలము, అర్థమగు తెలుగున చెప్పగల మనుష్యుడు చాలును.

రెండవ పాఠము టీకాలది. టీకాను మనవారు తాయెత్తువలె భావించుచున్నారు. కట్టించుకొన్న పిమ్మట రోగము రాకూడదు, వచ్చినచో కట్టినవాడు మోసగాడు. ఈ భ్రమను తొలగించుటకు రెండు రోగముల చరిత్ర నొకచో నుంచి చూపిన చాలును. ముసర రోగము, అనగా మన తాతలు పెద్దరోగమని హడలిన వ్యాధి, ఊళ్లకు ఊళ్లనే గొడ్డు లేకుండ జేసినది. దానినిగూర్చి 1871లోనే ప్రభుత్వ విచారణసంఘము నివేదిక యిచ్చినది. 1889లో పూనాలో స్థాపింపబడి పిదప హిమాలయములలోని ముక్తేశ్వరమునకు తరలిన పరిశోధనాలయము ప్రధానముగా దీనికొఱకే పనిచేసినది; 1897లో రాబర్టు కాక్ పండితుడే అచ్చటికి వచ్చెను. అచ్చటనే 1927 ప్రాంతమున ఎడ్వర్డ్సు మేకలలో పెంచి బలహీనపఱచిన సజీవ టీకాను సిద్ధపఱచెను. స్వతంత్ర భారతము 1954లో ఆ వ్యాధి నిర్మూలనమునకు పూనుకొన్నది. దేశమున 1995 తరువాత ఆ రోగము కానరాలేదు. 2011లో ప్రపంచమే దానినుండి విముక్తమైనట్లు ప్రకటింపబడినది. మసూచి తరువాత మానవుడు భూమిమీదినుండి తుడిచివేసిన రెండవ రోగమిదియే. ఏలయన, ఆ సూక్ష్మజీవి రూపు ఒక్కటే. సజీవ టీకా ఒకమాఱు వేసిన పశువునకు రక్షణ జీవితాంతముండును.

గాలికుంటు అట్టిది కాదు. దానికి ప్రపంచమున ఏడు రూపములు. మన దేశమున తిరుగునవి ఓ, ఏ, ఆసియా-1 అను మూడు. ఒకదానికి కలిగిన రక్షణ మఱియొకదానికి పనికిరాదు. దానికి వాడునది చంపిన సూక్ష్మజీవితో చేసిన టీకా. దాని బలము నెలలలో లెక్కింపదగినదే గాని సంవత్సరములలో గాదు. కావుననే 2019లో కేంద్రప్రభుత్వము 13,343 కోట్ల రూపాయల అంచనాతో ఆరంభించిన పథకమున గాలికుంటు టీకా ఆఱునెలలకొకమాఱు వేయవలయునని నిర్ణయింపబడినది. "పోయిన యేడు వేయించితిమి గదా, మరల నేల?" అని గ్రామమున ప్రశ్నించువాడు మూర్ఖుడు కాడు, అతనికీ భేదము ఎవ్వరును చెప్పలేదు. టీకా పిదప రెండు మూడు దినములు పాలు తగ్గుట నిజమే. దానిని దాచిపెట్టినచో తరువాతి మాఱు అతడు పసులను అడవికి తోలి తలుపు వేసికొనును. ముందే చెప్పినచో సహించును.

రామగుండపు ఎండ సంగతి చదువరులకు వేఱుగ చెప్పవలదు. 45 డిగ్రీలు దాటుట అచ్చట వింత కాదు. గాలికుంటు టీకా 2 మొదలు 8 డిగ్రీల చల్లదనమున నుండవలయును. గడ్డకట్టినను చెడును, వేడెక్కినను చెడును. ఒక గ్రామమున మేము స్వయముగా చూచితిమి: మంచు కరగి నీరైన పెట్టెను వేపచెట్టు క్రింద నుంచి మధ్యాహ్నము వఱకు టీకాలు వేసిరి. లెక్కలోనికి ఆ పసులన్నియు ఎక్కినవి; చెవులకు పండ్రెండంకెల బిళ్లలును ఉన్నవి. ఆ సీసాలో రక్షణ మిగిలినదా లేదా యని అడుగుటకు అచ్చట నున్న రైతులలో ఒక్కనికైన తెలిసియుండినచో అతడు పెట్టె తెఱచి చేయిపెట్టి చూచియుండును.

బొగ్గుసీమకు ప్రత్యేకముగా చెందిన విషయమొకటి కలదు. దొమ్మరోగపు క్రిమిని 1876లో కాక్ నిరూపించెను. 1881లో పాశ్చరు దానికి టీకా కట్టి బహిరంగముగా పరీక్షించి చూపెను. 1937లో దక్షిణాఫ్రికాయందు స్టర్ను చేసిన టీకాయే మార్పులతో నేటికిని ఆధారము. ఈ క్రిమి గాలి తగిలినంతనే గట్టి పెంకుగల బీజముగా మాఱి, మట్టిలో దశాబ్దములు నిద్రించును. ఎప్పుడో పాతిన కళేబరము మీది నేల త్రవ్వబడినచో, వరదకు కోసికొనిపోయినచో, ఆ బీజములు మరల గడ్డిమీదికి రావచ్చును. ఓపెన్‌కాస్టు గనులు నేలను తలక్రిందులు చేయుచున్నవి. పాత ఊళ్లు లేచిపోయినవి, పాత మేతబయళ్లు మట్టిగుట్టలైనవి, మందలు ఇరుకున పడినవి. ఇచ్చట అట్టి అనర్థము జరిగినదని మేమనుట లేదు. జరుగునని భయపెట్టుటయు లేదు. కాని యే ఊరి పసుల శ్మశానమెచ్చట నుండెనో ముసలివారి నోట విని గుర్తుపెట్టుకొనుట, అకస్మాత్తుగా చచ్చి, ముక్కున నోట గడ్డకట్టని నెత్తురు కాఱు గొడ్డును కోయక, తోలు తీయక, సున్నముతో లోతుగా పాతుట, ఈ రెండు సంగతులు అచ్చటి ప్రతి కాపరికిని తెలియవలయును. తోలు విలువ కొన్ని వందలు. ఆ వందలకొఱకే పేదవాడు కత్తి పట్టును. వానికి బోధతోపాటు పరిహారమును చూపవలయును.

ఇక మందుల మాట. ఎల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ పరిశోధనాలయమున డగ్గరు కనుగొన్న ఆరియోమైసిను 1948లో లోకమునకు వెల్లడి యైనది. తెలుగువాడు గర్వింపదగిన కార్యము. ఆ మందునే కొలదికాలములో అమెరికనులు కోళ్లకు పందులకు మేతలో కలిపి బరువు పెంచుట నేర్చిరి. సూక్ష్మజీవులు ఆ మందులకు లొంగకుండుట నేర్చినవి. నేడు మన పల్లెలలో గాలికుంటుకును ముద్దచర్మవ్యాధికిని గూడ అదే జాతి సూదిమందును అంగడిలో కొని తామే పొడుచుచున్నారు. ఈ రెండును వైరసు రోగములు. ఆ మందు వైరసును తాకనైన తాకదు. పుండు చీముపట్టినప్పుడు వైద్యుడు ఇచ్చుట వేఱు, చూచినదెల్ల పొడుచుట వేఱు. సూది పొడిచిన పశువు పాలు ఆ సాయంకాలమే ఎవరి బిడ్డ గ్లాసులోనికో పోవుచున్నవి. కొలిస్టిను అను మందును ఆహారపశువులకు వాడరాదని 2019లో కేంద్రము నిషేధించినది గాని, నిషేధపత్రము చదివి గొల్లవాడు మందు మానడు.

"ఇంత శాస్త్రము పామరునికి తలకెక్కునా?" అను పెద్దమనుష్యులు కలరు. దొమ్మ, జబ్బవాపు, గొంతువాపు, చిటుకు, పారుడు, గాలికుంటు అని రోగములను లక్షణములతో వేఱుచేసి పేరుపెట్టినది ఆ పామరుడే. అతనికి లేనిది కారణజ్ఞానము మాత్రమే. సూక్ష్మదర్శినిలో ఒక్క నెత్తురుచుక్కను చూపుడు. మీ ఉపన్యాసముకంటె త్వరగా గ్రహించును. ఈ హైదరాబాదు నగరముననే 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఆధునిక శాస్త్రములను ఉర్దూలో బోధించినది. అనువాదసంస్థ నొకదానిని ముందుగనే నెలకొల్పి పదములు కల్పించుకొనిరి. వంద సంవత్సరములు దాటిన పిదప పశువైద్యపు ఓనమాలను తెలుగున చెప్పుటకు మాటలు చాలవనుట సిగ్గుచేటు. ఇంగ్లీషున చదివి, ఇంగ్లీషున వ్రాసి ఉత్తీర్ణుడైన యువవైద్యుడు కాపు ముందు నిలిచి, "ఇమ్యూనిటీ రావాలంటే బూస్టర్ పడాలి" అని పలికి సైకిలుమోటారెక్కి పోవుచున్నాడు. తప్పు వానిది కాదు.

ధనము లేదన వలనుపడదు. కంపెనీల చట్టము 2013 ననుసరించి లాభములలో నూటికి రెండు వంతులు సమాజసేవకు వెచ్చింపవలయును. గనుల పీడిత ప్రాంతములకొఱకు 2015 నుండి జిల్లా ఖనిజనిధులున్నవి. రామగుండమున ఒక చిన్న రోగనిర్ణయశాల, దానికి చేరి ఒక బోధనాగది, కోరుట్ల కళాశాలనుండి వంతులవారీగా వచ్చు అధ్యాపకులు, వారివెంట ఊళ్లు తిరుగు విద్యార్థులు, ఇంతే మేము కోరునది. గోపాలమిత్రలు, కాపరులు, ముఖ్యముగా దూడలను సాకు స్త్రీలు అచ్చటి విద్యార్థులు. ఏటేట తొలకరికి ముందు గొంతువాపు టీకాలు వేయుదురు. ఆ సూదులు ఊరికి వచ్చుటకు వారము ముందుగా తొలి తరగతి పెట్టవచ్చును. పసులు అప్పుడు ఊరిలోనే యుండును, వ్యవసాయపు తొందర యింకను మొదలిడి యుండదు.