బాలింత నీరసమేనా?

1928 నాటి సత్యాగ్రహంతో దేశమంతా ఎరిగిన ఊరు బార్డోలీ. సూరత్ జిల్లాలోని ఆ ఊళ్ళో కాపురముంటున్న ఒక తెలుగు ఇల్లాలిని ఊహించుకోండి. తొలికాన్పుకు ఆమె సిరిసిల్లలోని పుట్టింటికి వెళ్ళింది. బిడ్డకు మూడవ నెల వచ్చేసరికి తల్లికి గుండెదడ, చెమటలు, చేతుల వణుకు. ఎంత తిన్నా ఒళ్ళు తగ్గిపోతున్నది. "నిద్ర సాలక అట్లయితున్నది, బిడ్డా" అన్నది ఆమె తల్లి. అయిదవ నెలలో బార్డోలీ చేరింది. దడ తగ్గింది, దాని స్థానే తీరని అలసట, చలి, మతిమరపు, దిగులు. "తల్లిగారింట్ల సుఖం మరిగింది" అన్నారు అత్తగారు. జబ్బులో మొదటి సగాన్ని తల్లి చూసింది. రెండవ సగాన్ని అత్తగారు చూశారు. రెంటినీ కలిపి చూసినవారు లేరు.

కలిపి చూస్తే దానికొక పేరున్నది: ప్రసవానంతర థైరాయిడైటిస్. 1912లో జపాన్ వైద్యుడు హషిమోతో వర్ణించిన వ్యాధికి ఇది దగ్గరి చుట్టం. గర్భస్థ శిశువును పరాయిదని తరిమివేయకుండా, గర్భకాలంలో దేహరక్షణ వ్యవస్థ కొంత సడలుతుంది. ప్రసవం తరువాత తిరిగి విజృంభిస్తుంది. నూటికి సుమారు అయిదుగురు తల్లులలో అది సొంత థైరాయిడ్ గ్రంథి మీదనే పడుతుంది. దెబ్బతిన్న గ్రంథిలోని నిలవ హార్మోను రక్తంలోకి కారడం వల్ల దడ. నిలవ తరిగి కొరత ఏర్పడడం వల్ల అలసట.

న్యూజీలాండ్ వైద్యుడు రాబర్టన్ ఇటువంటి తల్లుల మాట శ్రద్ధగా విన్నాడు. థైరాయిడ్ సారంతో వారు తేరుకున్న సంగతిని 1948లో ప్రచురించాడు. అది చాలాకాలం మరుగున పడింది. 1970 దశకంలో జపాన్‌లో అమినో బృందం రక్తపరీక్షలతో ఆ వ్యాధి క్రమాన్ని వెల్లడించింది.

నేడు టి.ఎస్.హెచ్. అనే రక్తపరీక్షతో లోపం బయటపడుతుంది. కుటుంబంలో థైరాయిడ్ వ్యాధి ఉన్నవారు, టైప్-1 మధుమేహం ఉన్నవారు మరింత జాగ్రత్త పడాలి. దడ దశలో హార్మోను ఉత్పత్తిని అణచే మందులు దీనికి పనిచేయవు. గ్రేవ్స్ వ్యాధి కాదని వైద్యుడు తేల్చుకోవాలి. కొరత దశలో అవసరమైతే లీవోథైరాక్సిన్ ఇస్తారు. పాలిచ్చే తల్లులు దానిని నిర్భయంగా వాడవచ్చు. రేడియో అయోడిన్ పరీక్ష మాత్రం వారికి తగదు.

ఇదివరకే ఆ మాత్రలు వాడుతున్న స్త్రీ, గర్భం నిలిచిందని తెలిసిన వెంటనే వైద్యుని చూడాలి. తొలి నెలలలో శిశువు తల్లి హార్మోను మీదనే ఆధారపడుతుంది. మోతాదు తరచు పెంచవలసి ఉంటుంది. ఇనుము, కాల్షియం మాత్రలను దీనికి నాలుగు గంటల ఎడంగా వేసుకోవాలి.

చాలామందికి ఏడాదిలోగా గ్రంథి కోలుకుంటుంది. కొందరికి కొరత స్థిరపడుతుంది. కోలుకున్నవారికి కూడా మరుకాన్పు తరువాత తిరిగి రావచ్చు. కనుక ఏటా ఒక పరీక్ష అవసరం.

బాలింతకు నీరసం సహజమే. కాని నెలలు గడిచినా తీరని నీరసానికి బద్ధకమని పేరు పెట్టకముందు, ఇరువైపుల పెద్దలు ఒకసారి టెలిఫోనులో మాట్లాడుకోవడం మంచిది. రెండు సగాలూ అక్కడే కలుస్తాయి.